మా బాపు పేరు మీద కమాన్ కట్టకండి

సర్పంచ్ గారికి, వార్డు మెంబర్లకు, కుల సంఘాల పెద్దలకు, యువజన సంఘం తమ్ముళ్ళకు, మహిళా సంఘం అక్కలకు, చిన్నమ్మలకు సుతారి మేస్త్రి చిన్నబిడ్డ నమస్కరించి రాసుకునే విన్నపం.

పోయిన నెల యువజన సంఘం తమ్ముడొకడు హన్మకొండలో మా ఇంటికి వచ్చాడు. చాయ్ తాగుతూ ఫోన్‌లో ఒక బొమ్మ చూపించాడు. ఊరి మొదట్లో బస్సు దిగే చోట, రోడ్డుకు అటొకటి ఇటొకటి స్తంభాలు. వాటి మీద కాకతీయ తోరణం. రెండు కొసలకు హంసలు. నడుమ మా బాపు ఫొటో, కింద 'మన ఊరి శిల్పి' అని అక్షరాలు. "అక్కా, ఆరు లక్షల ఎస్టిమేటు. రెండు లక్షల దాక జమైనయి. మిరుగం ముందట పిల్లర్లు లేపుదామనుకుంటున్నం. ముగ్గు పోసిన్నాడు నువ్వే కొబ్బరికాయ కొట్టాలె" అన్నాడు.

నాకు గొంతు పెగల్లేదు. "సరే తమ్మీ, చెప్త" అని పంపించాను. ఆ రాత్రి అవ్వకు ఆ బొమ్మ చూపించాను. అవ్వ అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. "మీ బాపు అంగీకి మెడ దాక గుండీలు పెట్టిండ్రు గదనే. ఎన్నడన్న పెట్టుకున్నడా?" అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

నెల రోజులు ఆలోచించి ఇది రాస్తున్నాను. ఆ తమ్ముడొక్కడికే ఫోన్ చేసి చెబితే అతని కష్టాన్ని కాదన్నట్టు అవుతుంది. అందుకే అందరికీ కలిపి చెబుతున్నాను. మీ ప్రేమ నాకు తెలుసు. బాపు పోయిన రోజు ఊళ్ళో ఒక్క ఇంటి పనీ నడవలేదు. ఒడిశా నుంచి వచ్చి మన దగ్గర సెంట్రింగ్ చేసే పిల్లలు చేతికంటిన సిమెంటుతోనే వచ్చి పాడె పట్టారు. ఆ రుణం మేము తీర్చుకోలేం. అయినా చేతులు జోడించి అడుగుతున్నాను, మా బాపు పేరు మీద కమాన్ కట్టకండి. ఆ పైసలతో బడి కప్పు బాగుచేయండి.

ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే ఆయన సంగతి కొంత చెప్పాలి. మీలో సగం మందికి బాపు ముసలితనమే తెలుసు. చేతికర్ర, భుజం మీద తువ్వాల, పక్క జేబులోంచి తొంగిచూసే తాపి పిడి. నేను చెప్పేది అంతకు ముందటిది.

పన్నెండేళ్ళప్పుడు బాపు వరంగల్ మట్టెవాడలో ఒక పెద్ద మేస్త్రి దగ్గర తట్ట మోసే పనికి కుదిరాడు. సిమెంటు కావాలంటే పర్మిట్ తెచ్చుకోవాల్సిన రోజులవి. పాత భవంతుల మరమ్మతంతా డంగు సున్నంతోనే నడిచేది. సున్నం, ఇసుక గుండ్రటి రాతి తొట్టిలో పోసి, ఎడ్లు కట్టిన బండచక్రం తిప్పి నలగ్గొట్టేవాళ్ళట. మధ్య మధ్య కరక్కాయ నానిన నీళ్ళు, బెల్లం నీళ్ళు పోయాలి. మేస్త్రి వచ్చి ఇంత తీసుకుని రెండు వేళ్ళ నడుమ రాసి చూసేవాడు. ఇసుక పలుకు తగిలిందంటే "ఇంకో నూరు చుట్లు" అనేవాడు. ఆ సున్నంలో చేతులు పెట్టీ పెట్టీ బాపు వేళ్ళ మీది గీతలు అరిగిపోయాయి. ఆఖరి ఏళ్ళలో రేషన్ దుకాణంలో ఎన్నిసార్లు ఒత్తినా ఆయన వేలిముద్ర పడేది కాదు. కన్ను చూపించి బియ్యం తెచ్చుకునేవాడు.

ఇరవై దాటాక ఊరికి తిరిగొచ్చాడు. మొదటి పని పోచమ్మ గుడి అరుగు. ఆ తర్వాత చూసుకుంటే ఊళ్ళో ఆయన చెయ్యి పడని గోడ తక్కువే. బొడ్రాయి గద్దె, చెరువు మత్తడి పక్కన రాతి కట్టుబడి, కాలనీ ఇళ్ళు, బస్సు షెల్టరు, మసీదులో వజూ చేసుకునే హౌజు, శ్మశానం తొవ్వలో దింపుడు కల్లం గద్దె. మొన్న కార్తీకంలో ఆయన్ని దింపింది ఆ గద్దె మీదే.

ఉత్తర తెలంగాణ ఊళ్ళకు ఊళ్ళు దుబాయి, మస్కట్ బాట పట్టిన రోజుల్లో బాపుకూ వీసా వచ్చింది. ఏజెంటుకు కట్టడానికి అవ్వ గాజులు కుదువబెట్టడానికి సిద్ధమైంది. అప్పటికి ఆయన చేతిలో ఒక ఇంటి స్లాబు పోసి ఉంది, సెంట్రింగ్ ఇంకా విప్పలేదు. "అది విప్పి, కింద నిలబడి చూసి పోత" అన్నాడట. అది విప్పేలోపు ఇంకొకరు వచ్చి ముగ్గు పోయించుకున్నారు. వీసా గడువు దాటింది. ఆయనతో తట్టలు మోసినవాళ్ళు మస్కట్ పోయి వచ్చి రెండంతస్తులు వేశారు, ఆ రెండంతస్తులు కట్టింది మా బాపే. మా ఇల్లు మాత్రం ఇరవై రెండేళ్ళు ప్లాస్టరింగ్ లేకుండా ఇటుకలతోనే ఉంది. దీన్ని నేను గొప్పగా చెప్పడం లేదు. ఊరి కోసం బతికే మనిషి ఇంట్లో ఆ బరువు ఆడవాళ్ళ నెత్తికే వస్తుంది. మా అవ్వ పగలు ఆయన వెంబడే ఇటుకలు మోసేది, పొద్దుగూకినంక అప్పుకు నూకలు తెచ్చి వండేది. ఈ ఊరు బాపును తలుచుకున్నప్పుడల్లా అవ్వను కూడా తలుచుకోవాలని నా కోరిక.

మేము ఇద్దరం ఆడపిల్లలం. కొడుకు లేడని బాపు ముందే అన్నవాళ్ళున్నారు. ఒకసారి గుడి అయ్యగారు, "మేస్త్రీ, సప్త సంతానాలంటే కొడుకొక్కడే కాదయ్యా. చెరువు తవ్వించినా సంతానమే, గుడి కట్టించినా సంతానమే, తోట పెట్టించినా సంతానమే" అని చెప్పారు. బాపుకు ఆ మాట బాగా పట్టుకుంది. పిల్లలెందరని ఎవరన్నా అడిగితే "ఇద్దరు బిడ్డలు, ఒక మత్తడి" అనేవాడు.

ఆయన పనితనం గురించి అందరూ గోడ నున్నదనం చెబుతారు. నేను ఇప్పుడు ఒక ఇంజనీరు ఆఫీసులో డ్రాయింగులు గీస్తాను కాబట్టి నాకు కనబడేది పునాది. మన ఊరిది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. దాని మీదే పునాది లేపితే మూడో ఏటికల్లా దర్వాజ మూల నుంచి ఏటవాలుగా పగులు పారుతుంది. "మొరం తగిలేదాక తవ్వాలె" అనేది బాపు పట్టు. ఇంటాయన పైసలు చూసుకునేవాడు, ఈయన మొరం చూసుకునేవాడు. "ఇంకో రెండు ఫీట్లు" దగ్గర పంచాయితీ మొదలయ్యేది. మాట తెగకపోతే అంగీ విప్పి గుంతలోకి దిగి గడ్డపార తానే పట్టేవాడు. ఆ రెండు ఫీట్లకు కూలి అడిగేవాడు కాదు. అడగకపోవడం తప్పని నేను ఎన్నోసార్లు కొట్లాడాను. "మన్ను మీద కోపం కూలి మీద ఎందుకు బిడ్డా" అని నవ్వేవాడు.

2021లో రామప్ప గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లో వచ్చింది చదివి వినిపించాను. 1213 నాటి ఆ గుడి పునాదిలో గుంత తవ్వి ఇసుక నింపి, దాని మీద కట్టడం నిలబెట్టారని అందులో రాశారు. బాపు లేచి కూర్చుని ఆ ఒక్క ముక్కే నాలుగుసార్లు చదివించుకున్నాడు. బేస్‌మట్టం కింద ఇసుక పోసి, నీళ్ళు పెట్టి, దిమ్మిసతో కొట్టించే అలవాటు ఆయనకు ఎప్పటినుంచో ఉంది. తనకు పని నేర్పిన మేస్త్రిని తలుచుకుని, "ఆయనకెవరు చెప్పిన్రో, ఆ చెప్పినాయనకెవరు చెప్పిన్రో" అన్నాడు. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు.

ఇక ఊరికి ఆయన చేసిన పనుల్లో నాకు అన్నిటికన్నా పెద్దదిగా తోచేది ఏ కట్టడమూ కాదు. ఏటా రోహిణి కార్తెలో, మిరుగం ఇంకో వారం ఉందనగా, పొద్దున్నే తాపి పట్టుకుని ఊరంతా ఒక చుట్టు తిరిగేవాడు. ప్రతి ఇంటి గోడ మీద తాపి పిడితో టక్ టక్ మని కొట్టేవాడు. గట్టి గోడ ఒక తీరుగా పలుకుతుంది, లోపల విడిచిన గోడ డొల్లగా పలుకుతుంది. చిన్నప్పుడు వెంట పోయి నేనూ కొట్టి చూసేదాన్ని. మొదట రెండూ ఒకే తీరుగా వినబడేవి. నాలుగో ఏటికి తేడా తెలిసింది. పెంకులు జారిన చోట, వాసం పుచ్చిన చోట, చూరు నీళ్ళు గోడ మొదట్లో పడే చోట ఆగి ఇంటివాళ్ళకు చెప్పేవాడు. చేయించుకునే తాహతు లేనివాళ్ళకు తానే చేసి వచ్చేవాడు. దానికి పేరేం లేదు. అవ్వ మాత్రం "మీ బాపు వాన ముందటి చూపుకు పోయిండు" అనేది.

2023 జులై వానలు మీరెవరూ మరిచిపోయి ఉండరు. భూపాలపల్లి దిక్కు మోరంచవాగు పొంగి మోరంచపల్లిని ముంచింది ఆ వానలకే. వరంగల్‌లో భద్రకాళి చెరువు కట్ట తెగింది ఆ వానలకే. మన ఊళ్ళో బొడ్రాయి వెనక ఒంటరిగా ఉండే ముసలవ్వ ఇల్లు గుర్తు చేసుకోండి. మట్టి గోడల ఇల్లు. భివండిలో ఉన్న కొడుకు పైసలు పంపితే, చూడటానికి బాగుంటుందని ఎవరో ఆ మట్టి గోడకు సిమెంటు ప్లాస్టరింగ్ చేయించారు. బాపు అప్పుడే వద్దన్నాడు. మట్టి గోడ కింది నుంచి తడి గుంజుకుంటుంది, ఆ తడి ఎండకు బయటికి పోవాలి. సిమెంటు తొడుగు వేస్తే పోయే తొవ్వ ఉండదు, లోపలి మట్టి మెత్తబడుతూనే ఉంటుంది, పైకేమో గోడ నిగనిగలాడుతుంది. ఆ జులైలో వాన మూడో రోజు పడుతుంటే, నెత్తిన ఎరువు సంచి కప్పుకుని పోయి ఆ గోడను తాపితో కొట్టి చూశాడు. ముసలవ్వను, ఆమె రెండు మేకలను మా ఇంటికి తోలుకొచ్చాడు. ఆమె తిడుతూనే వచ్చింది. తెల్లారుజామున గోడ లోపలికే పడింది, మంచం ఉన్న చోటనే.

వానలు వెలిసినాక మోకాళ్ళు పట్టుకుపోయిన మనిషి, డెబ్బై దాటిన మనిషి, ఆ మట్టి కుప్ప ముందు కూర్చుని రాళ్ళు ఏరాడు. మోకాలి ఎత్తు దాకా రాతి కట్టు కట్టి, దాని మీద మళ్ళీ గోడ లేపించాడు. ఈసారి పైన సున్నం మాత్రమే వేయించాడు.

ఇప్పుడు కమాన్ మాట చెబుతాను. నేను పదో తరగతి పాసైనప్పుడు బాపు నన్ను ఖిల్లా వరంగల్ తీసుకుపోయాడు. ఏం కొనిపెట్టాలో తెలియక అక్కడికి తీసుకుపోయాడు. నాలుగు దిక్కులా నాలుగు కీర్తితోరణాలు. మన రాష్ట్రం ముద్రలో ఉన్నవి, మన పెళ్ళి పత్రికల మీద ఉన్నవి, ఇప్పుడు ఊరూరి కమాన్ల మీద ఉన్నవి అవే. నేను తోరణం కింద నిలబడి హంసలను చూస్తున్నాను. బాపు నా గదువ పట్టుకుని తలను నడుమకు తిప్పాడు. అక్కడ ఒకప్పుడు స్వయంభూ శివుడి గుడి ఉండేది. 1323లో ఓరుగల్లు పడిపోయింది, ఆ దెబ్బల్లో గుడీ పోయింది. విరిగిన స్తంభాలు, పూల చెక్కడాల ముక్కలు కళ్ళంలో పరిచినట్టు పడి ఉన్నాయి. "చూసినవా బిడ్డా, తోరణాలు నాలుగూ నిలబడ్డయి. వాటి నడుమ ఉండాల్సింది లేదు. తొవ్వలున్నయి, పోవడానికి జాగ లేదు" అన్నాడు. ఆ రాళ్ళలో ఒక దాని మీద అరచెయ్యి ఆనించి కొంచెంసేపు నిలబడ్డాడు.

మీరు చూపించిన బొమ్మలో కమాన్ నిలబడే చోటుకు, మన బడి గేటుకు రెండు వందల అడుగులు లేవు.

బడి మొదటి రెండు గదులు బాపు కట్టినవి. మూడోది ఆయన కట్టింది కాదు. దానికీ మొదట ఆయన్నే మేస్త్రిగా పెట్టుకున్నారు. ఇసుక దిగిన రోజు బాపు ఒక గాజు గ్లాసులో గుప్పెడు ఇసుక, నీళ్ళు పోసి కలిపి గట్టు మీద పెట్టాడు. కొంతసేపటికి ఇసుక కిందికి దిగి, దాని మీద వేలు మందాన ఒండ్రు పొర కట్టింది. అంత ఒండ్రు ఉన్న ఇసుక సిమెంటును పట్టుకోదు. ఆ గ్లాసు తొణకకుండా పట్టుకుని కాంట్రాక్టర్ దగ్గరికి నడిచిపోయాడు. మర్నాటి నుంచి పనికి రావద్దని కబురొచ్చింది. ఆ కాంట్రాక్టర్ ఎవరో ఇప్పుడు తవ్వడం నా ఉద్దేశం కాదు. కానీ ఆ గదికి స్లాబు పోసిన రోజు బాపు బడి గోడ అవతల నిలబడి చూశాడు, సలాకల కింద బిళ్ళలు పెట్టలేదని ఇంటికొచ్చి చెప్పాడు. సలాకకు, కింది చెక్కకు నడుమ కనీసం ముప్పావు అంగుళం కాంక్రీటు ఉండాలి. దానికోసమే ఆయన ముందు రోజే చిన్న చిన్న సిమెంటు బిళ్ళలు పోసి నీళ్ళలో నానేసుకునేవాడు. అవి లేకపోతే సలాక చెక్క మీదే పడుకుంటుంది. తర్వాత దానికి తడి తగులుతుంది, తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, చుట్టూ ఉన్న కాంక్రీటును లోపలి నుంచే నెట్టేస్తుంది.

బాపు దినాలకు ఊరికి వచ్చినప్పుడు ఆ గదిలోకి పోయి చూశాను. కప్పు నడుమ మంచమంత మేర పెచ్చు ఊడి, సలాకలు ఎర్రగా బయటపడి ఉన్నాయి. ఒకటి సగానికి సగం అరిగిపోయింది. కింద బల్ల మీద ఇంకా పెచ్చుల దుమ్ము ఉంది. ఒక ఆదివారం ఊడిపడిందని, పిల్లలు లేని రోజు కాబట్టి సరిపోయిందని హెడ్మాస్టరు గారు చెప్పారు. అప్పటి నుంచి ఆ తరగతి వరండాలో నడుస్తోంది, వానొస్తే రెండు తరగతులు ఒక గదిలో. బాపు కట్టిన రెండు గదులు కూడా నిక్షేపంగా లేవు. కప్పు మీది నీళ్ళు పోయే గొట్టాలను వేపాకు మూసేసింది. మోకాళ్ళు బాగున్నన్నాళ్ళు ఏటా ఎక్కి తీసేది బాపే. ఆయన ఎక్కలేకపోయాక ఇంకెవరూ ఎక్కలేదు. నేను హన్మకొండలో కూర్చుని పరాయి ఇళ్ళ స్లాబులకు సలాకల లెక్కలు వేస్తున్నాను, నేను చదువుకున్న బడి కప్పును ఇన్నేళ్ళు తలెత్తి చూడలేదు. ఈ తప్పులో నాకూ పాలుంది.

బడి ప్రభుత్వానిది, వాళ్ళే చేయాలి కదా అంటారు. నిజమే, అడగడం మానొద్దు. కానీ మంజూరు ఎప్పుడొస్తుందో, మిరుగం మాత్రం వచ్చేస్తుంది. హెడ్మాస్టరు గారి ద్వారా ఎం.ఈ.ఓ. గారి అనుమతి తీసుకుని, ఇంజనీరు చేత మూడో గది స్లాబును సుత్తెతో కొట్టించి చూపిద్దాం. నిలిచేదైతే ఊడే పెచ్చంతా తీసి, సలాకలను బ్రష్షుతో శుభ్రం చేసి, అరిగిన చోట కొత్తవి జోడించి మళ్ళీ నింపాలి. నిలవదంటే తీసేసి రేకులు వేయాలి. మూడు గదుల పైకప్పుల మీద వాలు సరిచేసి, నీళ్ళు దిగకుండా పొర వేయాలి. నేను రెండు విధాలా లెక్క వేసి పెట్టాను. ఎటు తిప్పినా మీ ఆరు లక్షల లోపే. ఆ కాగితాలు ఎవరడిగినా ఇస్తాను. పని జరిగేటప్పుడు బడి కమిటీలో ఉన్న అక్కలు ఒక్కొక్కరు ఒక్కో పూట దగ్గరుండి చూసుకుంటే, ఇసుక గ్లాసు నేను వాళ్ళకు నేర్పిస్తాను.

కొత్తది కడితే పేరుంటుంది, పాతది బాగుచేస్తే ఎవరికి కనబడుతుందని ఒక తమ్ముడు అన్నాడట. హన్మకొండ వేయిస్తంభాల గుడి కల్యాణ మండపాన్ని 2006లో విప్పదీశారు. రాళ్ళకు నంబర్లు వేసి, మళ్ళీ ఒక్కొక్కటే పేర్చి, 2024 మార్చిలో శివరాత్రికి తెరిచారు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి అది. తెరిచిన నెలకు బాపును ఆటోలో తీసుకుపోయాను. ఆయన శిల్పాలను చూడలేదు. స్తంభం మీద స్తంభం కూర్చున్న సందుల్లో గోరు పెట్టి చూస్తూ మండపమంతా తిరిగాడు. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని, "కట్టినాయన పేరు రాయి మీద ఉన్నది. ఇప్పినోళ్ళు, మళ్ళ పేర్చినోళ్ళు ఎవరో కనుక్కోని చెప్పు బిడ్డా, చేతులు చూడాలె వాళ్ళవి" అన్నాడు. నేను కనుక్కోలేదు. రేపు మాపు అనుకుంటూనే ఆయన పోయాడు.

ఇంకో సంగతి కూడా ఈ లేఖలోనే చెప్పేస్తాను. కట్టడ కార్మికుల కోసం 1996లోనే చట్టం వచ్చింది. 18 నుంచి 60 ఏళ్ళ లోపువాళ్ళు, ఏడాదిలో 90 రోజులు పని చేసినవాళ్ళు సంక్షేమ బోర్డులో పేరు రాయించుకోవచ్చు. కట్టడం ఖర్చులో నూటికి ఒక రూపాయి సెస్సు తీసుకుని ఆ నిధి నడుపుతారు. పని మీద ప్రమాదం జరిగినా, బిడ్డ పెళ్ళయినా, కాన్పయినా సాయం దాని నుంచే. బాపు ఎవరు చెప్పినా వినక వినక యాభై తొమ్మిదో ఏట కార్డు తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి వయసు దాటిపోయింది. యాభై ఏళ్ళు గోడలు కట్టిన మనిషికి ఆ కార్డు పది నెలలు కూడా అక్కరకు రాలేదు. ఇప్పుడు మన ఊళ్ళో సుతారి పని, సెంట్రింగ్, సలాక పని చేసే తమ్ముళ్ళలో ఎంతమందికి కార్డుందో, ఉన్నవాళ్ళు రెన్యువల్ చేయించుకున్నారో లేదో పంచాయతీ ఒక్క పూట కూర్చుని రాసుకుంటే తేలిపోతుంది. మన పని చేయడానికి వచ్చి ఊరి చివర రేకుల షెడ్డులో ఉంటున్న పిల్లలను కూడా ఆ లెక్కలో పట్టండి. బాపు పాడె పట్టిన చేతులవి.

చివరగా ఒక నోటుపుస్తకం సంగతి. బాపు రాత్రి బడిలో నేర్చుకున్న అక్షరాలతో పద్దులు రాసుకునేవాడు. మొదటి పేజీల్లో వడ్ల లెక్కలు, ఇన్ని కుంచాలని, ఇన్ని మానికలని. తర్వాత రూపాయలు. కొన్ని పేర్ల పక్కన 'ముట్టింది' అని ఉంది. చాలా పేర్ల పక్కన 'ఇడిసిన' అని ఉంది. ఆ పేర్లు నేను ఎవరికీ చదివి వినిపించను. అవ్వ, అక్క, నేను కూర్చుని ఆ పుస్తకాన్ని బట్టలో చుట్టి ఆయన పెట్టెలో పెట్టేశాం. ఇడిసిన అని రాసుకున్నది ఆయనే, మేము అడిగేదేం లేదు. ఎవరికైనా మనసులో బరువుగా ఉంటే పైసలు వద్దు, బడి పనికి ఇంటికొక మనిషి ఒక్కరోజు రండి. తట్ట మోసినా చాలు, నీళ్ళు పట్టినా చాలు. సిమెంటు పనికి ఎండాకాలంలో కావాల్సింది నీళ్ళు పట్టే మనిషే.

కమాన్ కోసం చందా ఇచ్చినవాళ్ళలో ఎవరికైనా బడికి మళ్ళించడం ఇష్టం లేకపోతే వాళ్ళ డబ్బు వాళ్ళకు తిరిగి ఇచ్చేయండి, అందులో నొచ్చుకునేది ఏమీ లేదు. బాపు ఫొటో ఎక్కడా పెట్టనక్కరలేదు. ఎక్కడో ఒకచోట పెట్టాల్సిందేనంటే, అవ్వ దగ్గర ఒకటి ఉంది. పై రెండు గుండీలు ఊడిన అంగీలో, స్లాబు మీద గొంతుక్కూర్చుని నీళ్ళు పడుతున్నది. అది ఇస్తాం.

మిరుగానికి ఇంకా నాలుగు ఆదివారాలు ఉన్నాయి. వచ్చే ఆదివారం పొద్దున ఏడు గంటలకు నేను బడి దగ్గర ఉంటాను. బాపు తాపి, గుండు, రసమట్టం తెస్తున్నాను. ముందు కప్పుల మీది వేపాకు తీసేద్దాం, ఆ తర్వాత బొడ్రాయి నుంచి మొదలుపెట్టి ఒక్కో ఇంటి గోడా కొట్టి చూద్దాం. ఆ చప్పుడులో తేడా నేర్చుకోవాలనుకునే పిల్లలు ఎవరైనా ఉంటే వెంట పంపండి. పొడుగు నిచ్చెన మా ఇంట్లో లేదు, యువజన సంఘం తమ్ముళ్ళు ఒకటి తెచ్చి పెట్టండి.